ఎంజైమ్ ఫ్యాక్టరీలో ఈటీపీ కంటే ముందు రెసిపీ చూడండి

యూరప్‌లో ఒక ఎంజైమ్ ఫ్యాక్టరీలో ఎన్విరాన్‌మెంట్ ఇంజనీర్‌గా చేరబోతున్నాను, నీళ్లు, కరెంటు, వ్యర్థాలు తగ్గాలంటే మొదట ఏ పని పట్టుకోవాలి అని అడిగారు కదా. నేను అలాంటి చోటే ఆరేళ్లు చేశాను (కంపెనీ పేరు వద్దులెండి). అంతకుముందు జీడిమెట్లలో ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) చూసేవాడిని, కాబట్టి నాకు పర్యావరణం అంటే ఈటీపీయే. బయటికి పోయే నీళ్ల సీఓడీ (నీళ్లలో ఉన్న కాలుష్యానికి కొలత) లిమిట్ లోపల ఉంటే ఆ రాత్రికి టెన్షన్ లేదు. ఎంజైమ్ ఫ్యాక్టరీకి వెళ్లాక కూడా మొదటి ఏడాదంతా అదే ధోరణిలో పోయాను, దండగైంది.

మాకు వ్యర్థజలంలో ఫాస్ఫరస్ ఎక్కువ వచ్చేది. ఫాస్ఫరస్‌ని బురదగా దించే ఫెర్రిక్ క్లోరైడ్ డోసు పెంచుకుంటూ పోయాం, ఫాస్ఫరస్ దిగింది గానీ బురద పెరిగింది, దాన్ని తరలించే లారీల ఖర్చు పెరిగింది. ఓ రోజు కాఫీ తాగుతుంటే, రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఒక ఆపరేటర్ "అసలు ట్యాంకులో అంత ఫాస్ఫేట్ ఎందుకు పోస్తున్నారు?" అన్నాడు. రెసిపీ (ట్యాంకులో సూక్ష్మజీవులకు ఏ మేత ఎంత పోయాలో రాసిన లెక్క) తీసి, బ్యాచ్ చివర శాంపిల్ కొలిచి చూస్తే బాసిల్లస్, అంటే మాకు ఎంజైమ్ తయారుచేసే బ్యాక్టీరియా, తిన్నంత తిని బోలెడు వదిలేస్తోంది. అంటే డబ్బు పెట్టి కొన్నదాన్నే మళ్లీ డబ్బు పెట్టి నీళ్లలోంచి తీస్తున్నాం! ప్రొడక్షన్ వాళ్లను ఒప్పించడానికి మాత్రం నెలలు పట్టింది, ఎందుకంటే రెసిపీ ముట్టుకుంటే దిగుబడి పడిపోతుందని వాళ్ల భయం, అది ఉత్త భయం కూడా కాదు. చిన్న ఫెర్మెంటర్‌లో (ఆ సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు) కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ట్రయల్స్ చేశాకే పెద్ద ట్యాంకుకి వెళ్లాం. ఎంజైమ్ తగ్గలేదు, ఫెర్రిక్ డోసు తగ్గింది.

అప్పటినుంచి నేను ఫెర్మెంటర్ వైపే చూడటం మొదలుపెట్టాను. మీడియా (సూక్ష్మజీవుల మేత కలిపిన నీళ్లు) స్టెరిలైజ్ చేయడానికి 121 డిగ్రీలు, ఇంకా పైకి ఆవిరి, రోజుల తరబడి గాలి కొట్టే కంప్రెసర్లు, ట్యాంకుని కలుపుతూ తిరుగుతూనే ఉండే అజిటేటర్, సూక్ష్మజీవులు పుట్టించే వేడిని లాగేయడానికి కూలింగ్. ట్యాంకులో ఎంజైమ్ కొంచెం వచ్చినా బాగా వచ్చినా ఈ ఖర్చు ఇంచుమించు అంతే. కాబట్టి దిగుబడి పెరిగితే కిలో ఎంజైమ్‌కి ఆవిరి, కరెంటు, నీళ్లు, బురద అన్నీ కలిసి తగ్గుతాయి. దీనికి అవతలి వైపు కంటామినేషన్, అంటే ట్యాంకులోకి బయటి క్రిములు చొరబడటం. ఒక బ్యాచ్‌కి ఫేజ్ (బ్యాక్టీరియాని చంపే వైరస్) పట్టిందంటే ఆ ట్యాంకంతా వేడిచేసి చంపి ఈటీపీకి పంపాలి, చక్కెర, ఆవిరి, కరెంటు గంగపాలు, పైగా ఆ లోడుకి ఈటీపీ వారం దాకా కోలుకోదు. వాల్వ్ సీళ్లు సరిగ్గా మార్చే మెయింటెనెన్స్ కుర్రాడు కూడా మీ టీమే అనుకోండి.

మిగతావి మామూలే. స్టెరిలైజర్‌లోంచి వచ్చే వేడి మీడియాతో లోపలికెళ్లే చల్లటి మీడియాని వేడెక్కించడం, సీఐపీలో (ట్యాంకులు, పైపులు విప్పకుండానే కడగడం) చివరి కడుగు నీళ్లు దాచి తర్వాతి మొదటి కడుగుకి వాడటం. నురగ తగ్గించే యాంటీఫోమ్ మాత్రం ఎక్కువ పోయనివ్వకండి, ఎంజైమ్‌ని వడకట్టే అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్లకు పట్టుకుంటుంది, కడగడానికే నీళ్లూ కెమికల్సూ అయిపోతాయి.

ఫిల్టర్ దగ్గర మిగిలే బయోమాస్ (ఎంజైమ్ తీసేశాక మిగిలిన సూక్ష్మజీవుల ముద్ద) సంగతికొస్తే డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్ గురించి చదవండి, ఒక ఫ్యాక్టరీలో మిగిలింది ఇంకో ఫ్యాక్టరీ వాడుకునే ఊరు అది, వీలైతే వెళ్లి చూడండి. అక్కడ ఎంజైమ్‌లు చేసే నోవో కంపెనీ 1976లోనే తన బురదను చుట్టుపక్కల రైతుల పొలాలకు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఎంజైమ్ బయోమాస్‌ని వేడితో, సున్నంతో శుద్ధి చేసి నోవోగ్రో పేరుతో ఎరువుగా పంపారు. జన్యుమార్పిడి సూక్ష్మజీవులు కాబట్టి చంపకుండా గేటు దాటించడానికి వీల్లేదు. పక్కనున్న పవర్ ప్లాంటు నుంచి ఆవిరి వీళ్లకు వస్తుంది, ఆ ప్లాంటు ఇప్పుడు బొగ్గు మానేసి చెక్క ముక్కలు కాలుస్తోంది. కాకపోతే అది చూసొచ్చి మన దగ్గరా పెట్టేద్దాం అనకండి, 1960ల నుంచి ఒక్కొక్క పైపు వేసుకుంటూ వచ్చారు, పక్కపక్కన అలాంటి ఫ్యాక్టరీలు ఉండాలి, ఎరువు తీసుకునే రైతులూ ఉండాలి.

ఇంకోటి, మీటింగుల్లో "మన ఎంజైమ్ వల్ల జనం 30 డిగ్రీల నీళ్లలోనే బట్టలు ఉతుకుతున్నారు, ఎంత కరెంటు ఆదానో" అంటారు. నిజమే. కానీ కంప్రెసర్ లైన్‌లో లీకు గురించి అడిగినప్పుడు కూడా ఇదే జవాబు వస్తే నాకు ఒళ్లు మండేది.

చేరిన మొదటి నెలలో ఎవరు ఏ రిపోర్టు అడిగినా, ముందు నైట్రోజన్, ఫాస్ఫరస్ లెక్క ఒక కాగితం మీద వేయండి: ఎంత లోపలికి వచ్చింది, ప్రొడక్ట్‌లో ఎంత, బయోమాస్‌లో ఎంత, నీళ్లలో ఎంత. మొదటిసారి ఎవరికీ లెక్క కుదరదు. తేడా ఎక్కడుందో దొరక్కపోతే ఇక్కడే కింద రాయండి, చూద్దాం.