ఖాళీగా కనిపిస్తున్న ఛానల్ 3కి వైఫై మార్చుకోవచ్చా?

విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. రాత్రి ఎనిమిది దాటితే వైఫై ఆగి ఆగి వస్తోంది. చుట్టుపక్కల వైఫైలను చూపే యాప్‌లో చూస్తే ఛానల్ 1, 6, 11 కిక్కిరిసి ఉన్నాయి, 3 ఖాళీ, అటు మారిపోనా అని అడిగారు. వద్దండీ. మీకూ నష్టమే, పక్క ఫ్లాట్ వాళ్లకీ నష్టమే.

ఈ ఛానళ్లుండే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఛానల్‌కీ ఛానల్‌కీ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్. రూటర్ వాడుకునే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. అంటే 3లో కూర్చున్న రూటర్ అటు 1నీ ఇటు 6నీ రెండింటినీ తొక్కుతుంది.

ఒకే ఛానల్‌లో ఉన్న రూటర్లు ఒకదాన్నొకటి వింటాయి. అవతల వైఫై ప్యాకెట్ (ఒక విడతలో పంపే డేటా ముక్క) మొదలైందని పోల్చుకోగలిగితే చాలు, సిగ్నల్ మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ) అంత సన్నగా వచ్చినా ఆగుతాయి. అది అయ్యాక ఒక్కో రూటర్ తనకు తోచినన్ని 9 మైక్రోసెకన్ల స్లాట్లు లెక్కపెట్టుకుని పంపుతుంది. ఆలస్యమైనా వంతు వస్తుంది. 3లోంచి వింటే 1లోని ప్యాకెట్ తెగిపోయి అందుతుంది, వైఫై అని తెలియదు, ఉత్త రొద. రొదకు ఆగాలంటే అది మైనస్ 62 దాటాలి, అంటే నూరు రెట్ల బలం. గోడ దాటి మైనస్ 70లో వచ్చిన పొరుగు సిగ్నల్ మీద మీ రూటర్ నిరభ్యంతరంగా పంపేస్తుంది. రెండూ పాడవుతాయి, మళ్లీ పంపుకోవాలి, స్పీడ్ దించుకోవాలి. దించేకొద్దీ ప్రతి ప్యాకెట్ గాలిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. 3కి మారితే రాత్రిపూట మీ అవస్థ ఇదే.

1, 6, 11లో రాత్రి వేళ రద్దీ తక్కువున్నది ఎంచుకోండి. యాప్‌లో ఎన్ని పేర్లున్నాయని కాదు, ఎవరు ఎంతసేపు వాడుతున్నారన్నది ముఖ్యం. ఛానల్ వెడల్పు 20కి బిగించండి, '20/40 ఆటో' వద్దు. పాతకాలపు నెమ్మది వైఫై అయిన 802.11బి మోడ్ ఆపండి. అది ఉన్నంతకాలం రూటర్ తన పేరును సెకనుకు సుమారు పదిసార్లు 1 ఎంబీపీఎస్ వేగంతో చాటుతూ ఉంటుంది. గెస్ట్ పేరు వాడకపోతే తీసేయండి. పవర్ పెంచొద్దు. రూటర్ గొంతు పెరిగినా ఫోన్ గొంతు పెరగదు, పొరుగువాళ్లకు మాత్రం గోల.

టీవీ, ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయండి. శ్లాబు దాటలేదని దాన్ని తిడతారు గానీ, అపార్ట్‌మెంట్‌లో కావలసింది అదే. అందులో 52 నుంచి 140 దాకా ఛానళ్లు సాధారణంగా ఖాళీగా ఉంటాయి. అవి రాడార్లు కూడా వాడేవి కాబట్టి, రాడార్ ఉందేమోనని రూటర్ ముందు కనీసం నిమిషం విని గానీ మొదలుపెట్టదు, చెడిపోయిందనుకోకండి.

కొత్త అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డర్లు ఏసీకి, ఇన్వర్టర్‌కి పైపు వదులుతారు, గదికో లాన్ కేబుల్‌కి వదలరు. కదలని టీవీకి వైఫై ఎందుకండీ? ఫైబర్ వాళ్లేమో వైరు మిగుల్చుకోవడానికి గుమ్మం దగ్గరే రూటర్ డబ్బా బిగించి పోతారు. హాలు మధ్యకి జరిపించుకోండి, మైక్రోవేవ్‌కి, యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్‌కి దూరంగా. ఆ రెండూ 2.4లోనే రొద చేస్తాయి.