నాణెంలో బంగారానికెంత, హంగుకెంత?

ప్రశ్న: డిపాజిట్ గడువు తీరి కొంత సొమ్ము చేతికి వచ్చింది. అందులో కొంత భాగాన్ని బంగారు నాణేల రూపంలో దాచుకోవాలని అనుకుంటున్నాను. ఒక ఔన్సు బులియన్ నాణెం కావాలని అడిగితే, దానికి బదులు ‘పరిమిత సంఖ్య’లో సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించిన ప్రూఫ్ నాణెం తీసుకోమని విక్రేత సలహా ఇస్తున్నారు. బంగారం ధర పెరుగుదలకు సేకరణ విలువ కూడా తోడైతే బంగారానికి తావి అబ్బినట్టే అంటున్నారు. ఇవి కాక, తాతగారి నుంచి వచ్చిన పాత సావరిన్లు (బ్రిటిష్ కాలపు బంగారు నాణేలు) ఆరు ఉన్నాయి. అవి 22 క్యారెట్లవి కాబట్టి, వాటిని ఇచ్చేసి 24 క్యారెట్ల కొత్త నాణేలు తీసుకోవడం మేలా?

జవాబు: మీరు దాచుకోవాలనుకుంటున్నది బంగారాన్నా, నాణేలనా అన్నది ముందు తేల్చుకోండి. బులియన్ నాణేన్ని దానిలో ఉన్న మేలిమి బంగారం కోసం కొంటారు. సేకరణ నాణేన్ని దాని అరుదుదనం కోసం, ముద్రణ నాణ్యత కోసం, చరిత్ర కోసం కొంటారు. మొదటిదానికి కొనుగోలుదారులు ప్రపంచమంతటా ఉంటారు, ధర ఏ రోజుకా రోజు తెలుస్తూనే ఉంటుంది. రెండోదానికి ధర చెప్పగలవారు కొద్దిమంది, ఆ ధర పెట్టి కొనేవారు ఇంకా కొద్దిమంది. ఈ రెండింటినీ ఒకే నాణెంలో వెతుక్కునేవారు సాధారణంగా సేకర్త ధర పెట్టి కొని, బంగారం ధరకు అమ్ముకుంటారు. మీ విక్రేత చెబుతున్న తావి ఆయన లాభంలో ఉన్నంత నిశ్చయంగా మీ లాభంలో లేదు.

లెక్క వేసి చూద్దాం. నాణెంలోని బంగారం విలువ 100 అనుకోండి. సాధారణ బులియన్ నాణేన్ని 104కు అమ్మే వ్యాపారి, అదే రోజు మీరు తిరిగి ఇస్తే 99 ఇస్తాడనుకుందాం. అప్పుడు బంగారం దాదాపు 5 శాతం పెరిగితే మీ అసలు మీకు దక్కుతుంది. అదే బంగారం ఉన్న ప్రూఫ్ నాణేన్ని 150 పెట్టి కొన్నారనీ, దానికి వెనక్కి వచ్చేది 105 అనీ అనుకుందాం. ఇప్పుడు అసలు దక్కడానికే బంగారం సుమారు 43 శాతం పెరగాలి. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, అసలు అంకెలు మీ విక్రేత చెప్పాలి. “ఇదే నాణెం రేపు నేను తెస్తే మీరెంత ఇస్తారు?” అని అడిగి, ఆ జవాబును కాగితం మీద రాయించుకోండి. మాట మార్చి సేకరణ విలువ గురించి మాట్లాడటం మొదలుపెడితే, మీకు జవాబు వచ్చేసినట్టే.

ప్రూఫ్ నాణెం మోసం కాదు, అది వేరే సరుకు. ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చులతో, సిద్ధం చేసిన బిళ్లల మీద ఒకటికి మించిన దెబ్బలతో ముద్రిస్తారు కాబట్టి, నేపథ్యం అద్దంలా మెరుస్తూ, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఆ పనితనానికి మీరు ఇస్తున్నది కళకు ఇచ్చే ధర. అయితే ఒక్క వేలిముద్ర పడినా దాని విలువ తగ్గిపోతుంది, డబ్బాలోంచి తీసి చూసుకునే ముచ్చట కూడా ఉండదు. ఇక ‘పరిమిత సంఖ్య’ అన్న మాటకు సొంతంగా విలువేమీ లేదు. పదివేలు ముద్రించిన నాణేన్ని కోరేవారు రెండు వేల మందే ఉంటే అది అరుదైనది కాదు. 1933 నాటి అమెరికా 20 డాలర్ల నాణెం, డబుల్ ఈగిల్, 4,45,500 ముద్రితమైంది. ఆ ఏడాది ప్రభుత్వం బంగారు నాణేల చలామణీని ఆపేసింది, ముద్రించిన వాటిలో కొద్దిపాటివి తప్ప అన్నీ కరిగిపోయాయి. వ్యక్తుల చేతిలో చట్టబద్ధంగా ఉండగలిగిన ఒకే ఒక్క నాణెం 2002లో దాదాపు 76 లక్షల డాలర్లకు, 2021లో 1.89 కోట్ల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. దానిలో ఉన్న బంగారం ఒక ఔన్సు కూడా లేదు. అరుదుదనం అలాంటి సంఘటనల వల్ల పుడుతుంది. డబ్బాలో పెట్టిన ధ్రువపత్రంతో పుట్టదు.

గ్రేడింగ్ గురించి మీరు అడగలేదు కానీ, విక్రేత తర్వాతి మాట అదే కావచ్చు. 1 నుంచి 70 వరకూ ఉండే షెల్డన్ కొలమానం ప్రకారం నాణేల స్థితిని అంచనా వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇచ్చే సంస్థలు 1980ల నుంచి పనిచేస్తున్నాయి. వందేళ్ల నాటి నాణేలకు ఇది ఎంతో ఉపయోగం, ఎందుకంటే అక్కడ 62కూ 65కూ మధ్య తేడా నిజమైన డబ్బు. నిన్నగాక మొన్న టంకశాల నుంచి వచ్చిన బులియన్ నాణేలలో 69, 70 రావడం అంత అపురూపం కాదు. వాటి మీద అదనంగా ఇచ్చే సొమ్ము ప్లాస్టిక్‌కు ఇచ్చినట్టే.

బులియన్ నాణేలకూ సేకరణ నాణేలకూ మధ్య ఈ గీత నేను ఊహించి గీసింది కాదు. ఐరోపా సమాఖ్య తన పన్ను చట్టంలోనే దాన్ని గీసింది. 1800 తర్వాత ముద్రితమై, కనీసం వెయ్యికి 900 పాళ్ల స్వచ్ఛత కలిగి, తన దేశంలో చెల్లుబాటైన నాణెం ధర అందులోని బంగారం విలువను 80 శాతానికి మించి దాటకపోతేనే, దాన్ని పెట్టుబడి బంగారంగా పరిగణించి విలువ ఆధారిత పన్ను నుంచి మినహాయిస్తారు. మీ దేశంలో నియమం వేరుగా ఉండవచ్చు, కొనుగోలు పన్నూ అమ్మకం లాభం మీద పన్నూ రెండూ కనుక్కోండి.

ఇక క్యారెట్ల సంగతి. 22 క్యారెట్ల నాణెంలో బంగారం తక్కువ ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 1967లో దక్షిణాఫ్రికా తెచ్చిన క్రూగరాండ్ 22 క్యారెట్లదే, బరువు 33.93 గ్రాములు. అందులో 31.1 గ్రాములు, అంటే సరిగ్గా ఒక ట్రాయ్ ఔన్సు మేలిమి బంగారం, మిగిలింది రాగి. కెనడా వారి మేపుల్ లీఫ్ 24 క్యారెట్లది, బరువు 31.1 గ్రాములు, అందులోనూ అదే ఒక ఔన్సు. రాగి కలిస్తే నాణెం గట్టిపడి గీతలు తక్కువ పడతాయి, అంతే తేడా. అమెరికన్ ఈగిల్ నేటికీ 22 క్యారెట్లదే, బ్రిటన్ వారి బ్రిటానియా 2012 దాకా 22 క్యారెట్లలో ఉండి 2013లో 24కు మారింది. కాబట్టి ధరను క్యారెట్లతో కాకుండా మేలిమి బంగారం గ్రాములతో భాగించి పోల్చండి. నాణెం మీద చెక్కిన 50 డాలర్లు, 100 పౌండ్లు అనే ముఖవిలువలను పట్టించుకోనక్కర్లేదు.

మీ ఆరు సావరిన్ల దగ్గర మాత్రం తొందరపడవద్దు. ఒక్కొక్కటి 7.98 గ్రాముల బరువు, అందులో 7.32 గ్రాముల మేలిమి బంగారం; ఆరింటిలో కలిపి దాదాపు 43.9 గ్రాములు ఉంటుంది. వాటిని ఇచ్చి కొత్తవి తీసుకుంటే అమ్మేటప్పుడు ఒక తరుగు, కొనేటప్పుడు బంగారం విలువ మీద అదనంగా పెట్టే ఒక ప్రీమియం, రెండువైపులా పోతుంది, చేతిలో బంగారం తగ్గుతుంది తప్ప పెరగదు. అంతకంటే ముఖ్యం, అవి ఏ టంకశాలవో చూడాలి. బ్రిటిష్ రాజు అయిదవ జార్జి బొమ్మ ఉన్నవైతే భూతద్దంతో వెనకవైపు చూడండి. గుర్రం కాళ్ల కింద నేల గీత మీద, సంవత్సరానికి సరిగ్గా పైన, చీమ తలంత అక్షరం ఉందేమో వెతకండి. ఎస్ ఉంటే సిడ్నీ, ఎం మెల్‌బోర్న్, పి పెర్త్, సి ఒట్టావా, ఎస్‌ఏ ప్రిటోరియా. ఐ అన్న అక్షరం 1918 నాటి బొంబాయి టంకశాలది; అక్కడ సావరిన్లు ఆ ఒక్క సంవత్సరమే ముద్రితమయ్యాయి. ఏ అక్షరమూ లేకపోతే లండన్‌ది. 1917 లండన్ సావరిన్ పది లక్షలకు పైగా ముద్రితమైనా మిగిలినవి చాలా తక్కువ, అందుకే దానికి నకిలీలు కూడా ఎక్కువే. ఇలాంటిది కనిపిస్తే సంబంధం లేని ఇద్దరు నిపుణులకు చూపించండి. ఎట్టి పరిస్థితిలోనూ చింతపండుతోనో పాలిష్‌తోనో తోమకండి. తోమిన నాణేన్ని సేకర్త ఒక్క చూపులో పోల్చుకుని బంగారం ధరకు దించేస్తాడు.

కొత్తగా కొనేదానికి నా సలహా సాదాసీదాది. ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్ము పక్కన ఉండి, అధిక వడ్డీ అప్పులు తీరిన తర్వాతే, మొత్తం పొదుపులో పదో వంతుకు మించకుండా బంగారానికి కేటాయించండి. బంగారం వడ్డీ ఇవ్వదు. 1980 జనవరిలో ఔన్సుకు 850 డాలర్లు తాకిన ధర మళ్లీ ఆ అంకెను చూడటానికి 2008 జనవరి వరకూ పట్టింది. ఆ 28 ఏళ్ల ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకోకుండానే. ఆ మొత్తంతో పేరున్న ఒక ఔన్సు నాణేలు కొనండి. పదో వంతు ఔన్సు నాణేలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, చిన్న నాణెం ముద్రణ ఖర్చు పెద్దదాని ఖర్చుకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి గ్రాముకు ప్రీమియం బాగా ఎక్కువ. కొంచెం కొంచెంగా అమ్ముకోవలసి వస్తుందని అనుకుంటే అర ఔన్సు, పావు ఔన్సు కలుపుకోవచ్చు. భయాందోళనల వేళ కొనకండి. 2020 మార్చిలో స్విట్జర్లాండ్‌లోని పెద్ద శుద్ధి కర్మాగారాలు తాత్కాలికంగా మూతపడినప్పుడు నాణేల ప్రీమియంలు ఒక్కసారిగా పెరిగాయి, అప్పుడు పరుగెత్తి కొన్నవారు ఆ అదనపు సొమ్మును తిరిగి చూడటం కష్టం.

నకిలీల విషయంలో తూకం ఒక్కటే చాలదు. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, సీసానిది 11.3. కాబట్టి మామూలు లోహంతో సరైన బరువు తెప్పించాలంటే నాణెం మందమో వ్యాసమో పెరగాలి. బరువుతో పాటు మందం, వ్యాసం కొలిచే కాలిపర్‌తో కొలిస్తే దొరికిపోతుంది. దాదాపు అదే సాంద్రత ఉన్న టంగ్‌స్టన్‌ను మాత్రం దుకాణంలోని పరీక్షా యంత్రమే పట్టాలి.

అరుదైన నాణేల మీద మీకు నిజంగా మనసు ఉంటే, దానికి అభిరుచి ఖాతా నుంచి ఖర్చు పెట్టండి, పదవీ విరమణ లెక్కల్లో దాన్ని సున్నాగా రాసుకోండి. భద్రపరిచే విషయానికి వస్తే, ఇంటి సాధారణ బీమాలో బంగారానికి తక్కువ పరిమితి ఉండటం మామూలే, బ్యాంకు లాకరులోని వస్తువుకు బ్యాంకు బాధ్యత కూడా పరిమితమే. కాబట్టి నాణేలకు ఎంత విలువ వరకు బీమా వర్తిస్తుందో సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్కో నాణేనికి రెండు వైపులా ఫొటోలు తీసి, రసీదులతో పాటు నాణేలు లేని చోట ఉంచండి.