అపాయింట్‌మెంట్ ఆర్డరు లేనంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోతారా?

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఆరేళ్ళు రాత్రి డ్యూటీలో రిసెప్షన్ చూశాను. ఆర్డరు ఏమీ ఇవ్వలేదు. జీతం మొదట చేతికి, తర్వాత ఫోన్‌పేలో ఇచ్చేవారు. రెండు నెలల కిందట ఇక రావద్దన్నారు. నోటీసు పంపితే, ‘ఇతను మా ఉద్యోగి కాదు, రద్దీ రోజుల్లో సాయానికి వచ్చేవాడు, తనంతట తానే మానేశాడు’ అని జవాబిచ్చారు. రుజువు చేసుకోవలసింది నేనేనా?

జవాబు: మొదటి బరువు మీదే. ఉద్యోగ సంబంధం ఉందన్నవారే దాన్ని ముందుగా చూపించాలి. తొలగింపు విషయంలో చట్టరక్షణ కావాలంటే, దానికి ముందు పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసి ఉండాలి. అలా పనిచేశానని ఒక అఫిడవిట్ వేస్తే సరిపోదని సుప్రీంకోర్టు 2002లో హదిమని కేసులో చెప్పింది. యజమానుల తరఫువారు ఈ తీర్పు చూపించి ఊరుకుంటారు. కానీ 2005లో ఎల్లట్టి కేసులో అదే కోర్టు, రోజుకూలీల దగ్గర నియామక పత్రం గానీ జీతం రసీదు గానీ ఉండదన్న వాస్తవాన్ని గుర్తించి, కార్మికుడు బోనెక్కి సాక్ష్యం చెప్పి, హాజరుపట్టీ, జీతాల రిజిస్టరు తెప్పించమని కోరవచ్చునని వివరించింది. యజమాని వాటిని దాచాడని మీరు ముందే అర్జీలో చెప్పి ఉండాలి. వాటిని యజమాని కోర్టుకు తీసుకురానంత మాత్రాన కోర్టు దానంతటదే మీ పక్షాన ఊహించుకోదు. దాచాడన్న ఈ ఒక్క వాక్యం అర్జీలో రాయక ఓడిన కేసులున్నాయి.

మీకు జీతాల రిజిస్టరు కంటే గట్టి ఆధారం ఇంకొకటుంది. లాడ్జిలో దిగే ప్రతి యాత్రికుడి పేరు, ఊరు, గది నంబరు, వచ్చిన వేళ రాసే అరైవల్ రిజిస్టరులో రాత్రి పద్దులు మీ చేతిరాతలోనే ఉంటాయి. రద్దీ రోజుల్లో సాయానికి వచ్చినవాడి రాత, ఖాళీ రోజుల్లో కూడా పేజీ తర్వాత పేజీ కనబడదు కదా. ఆ పుస్తకాలను తేదీలతో సహా తెప్పించమని అడగండి. ఫోన్‌పే జమలకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. వాట్సాప్ సందేశాలకు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి ఆ ఫోను మార్చకండి.

ఇక వారి జవాబు. ‘మా ఉద్యోగి కాదు’ అన్నవారే ‘తనంతట తానే మానేశాడు’ అనడంలో, మానేయడానికి ఒక ఉద్యోగం ఉందని ఒప్పుకోలు దాగి ఉంది. పైగా మానేశాడన్నది వారు లేవనెత్తిన విషయం, దాన్ని వారే రుజువు చేయాలి. రమ్మని ఒక్క ఉత్తరమైనా రాయకపోతే ఆ వాదన నిలవడం కష్టం. లాడ్జిలలో అందరినీ మేనేజరు అని పిలవడం రివాజు గనుక, ఆ పేరు చూపించి, మీరు చట్టం చెప్పే కార్మికుడు కాదని కూడా వారు అనవచ్చు. కోర్టు చూసేది పిలుపును కాదు, చేసిన పనిని.

240 రోజుల నియమం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉండేది, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. అది రుజువైతే, నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వకుండా తీసేయడం చెల్లదు. మొదట కార్మిక శాఖ అధికారి ముందు రాజీ ప్రయత్నానికి అర్జీ పెట్టండి, ఆలస్యం చేయకండి. ఆ అర్జీలోనే, తీసేసిన నాటినుంచి మీకు వేరే సంపాదన లేకపోతే ఆ మాట కూడా స్పష్టంగా రాయండి. అలా రాశాక, మీరు వేరేచోట సంపాదిస్తున్నారని చూపించే భారం లాడ్జి యజమానిపై పడుతుంది.