మతిమరుపుకి న్యూరాలజిస్టుని ఎలా ఎంచుకోవాలి, ఏం సిద్ధం చేసుకుని వెళ్లాలి?

డెబ్బై దాటిన మీ అమ్మగారు ఏడాదిగా అడిగిందే అడుగుతున్నారు, డబ్బు లెక్కల్లో తడబడుతున్నారు, చూసిన డాక్టరు ‘వయసు మీద పడితే మామూలే’ అన్నారు. నేరుగా ఎంఆర్ఐ తీయించాలా, న్యూరాలజిస్టుకి చూపించాలా అని అడిగారు. ముందు న్యూరాలజిస్టుకి చూపించండి. స్కాన్‌లో ఏం వెతకాలో ఆయన రాసిస్తే రేడియాలజిస్టు దాని మీదే దృష్టి పెడతారు. మనంతట మనం తీయించుకుంటే చాలాసార్లు ‘వయసుకు తగ్గ మార్పులు’ అని ఒక్క ముక్క వస్తుంది, ఇంట్లోవాళ్లు ఏమీ లేదనుకుని ఊరుకుంటారు. అసలు డిమెన్షియాని, అంటే జబ్బు వల్ల వచ్చే మతిమరుపుని, ఎక్కువగా పట్టించేది ఇంట్లో వెంట ఉండేవాళ్లు చెప్పే వివరమే. కాబట్టి సగం పని మీ చేతిలోనే ఉంది.

తెలిసిన మనిషి పేరు చటుక్కున తట్టక, కాసేపటికి గుర్తొస్తే అది వయసే. నిన్న చుట్టాలు వచ్చి వెళ్లారని మీరు గుర్తుచేసినా ‘ఎవరొచ్చారు?’ అంటే మాత్రం చూపించాల్సిందే. ఏళ్ల తరబడి అలవోకగా చేసిన పని చెయ్యలేకపోవడం ఇంకా గట్టి గుర్తు: వంటలో వరస తప్పడం, వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకోవడం, తెలిసిన దారిలో తప్పిపోవడం. ఏదైనా అడిగితే జవాబు కోసం ప్రతిసారీ మీ వైపు తల తిప్పుతున్నారా అన్నది కూడా గమనించండి. అనుభవమున్న డాక్టర్లు గదిలో దీన్ని కనిపెట్టి చూస్తారు.

డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన, ప్రవర్తన దెబ్బతిని రోజువారీ పనులకు అడ్డుపడే స్థితి. దాని వెనక జబ్బులు చాలా ఉంటాయి. 1906లో అలోయిస్ అల్జైమర్ అనే జర్మన్ డాక్టరు వివరించిన అల్జైమర్స్ జబ్బుదే పెద్ద వాటా, 60 నుంచి 70 శాతం దాకా. అది సాధారణంగా కొత్త సంగతులు నిలవకపోవడంతో మొదలవుతుంది. రక్తనాళాల వల్ల వచ్చేది చాలామందిలో మెట్లు దిగినట్టు, కొన్నాళ్లు నిలకడగా ఉండి ఒక్కసారిగా దిగజారుతుంది. లూయీ బాడీ రకంలో లేని మనుషులు, జంతువులు కనిపిస్తాయి, ఒక పూట తేటగా మరో పూట అయోమయంగా ఉంటారు, నడక బిగుసుకుంటుంది, నిద్రలో కలకు తగ్గట్టు చేతులు విసురుతారు. ఫ్రాంటోటెంపోరల్ రకంలో మొదట్లో జ్ఞాపకం బాగానే ఉండి ప్రవర్తనో మాటో మారిపోతుంది. మానసిక జబ్బనుకుని ఏళ్లు గడిపేసేది ఇక్కడే.

రకం తేల్చడం దేనికంటే, మందులే మారిపోతాయి. లూయీ బాడీ ఉన్నవాళ్లకి భ్రమలు తగ్గడానికని హాలోపెరిడాల్ ఇస్తే ఒళ్లు కొయ్యబారి ప్రాణం మీదకు రావచ్చు. అల్జైమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ ఫ్రాంటోటెంపోరల్ వాళ్లలో కొందరి ప్రవర్తనని ఇంకా చెడగొడుతుంది.

ఒక హెచ్చరిక. గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ఉన్నట్టుండి అయోమయం వస్తే దాన్ని డెలిరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటివి కారణాలు. అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చినా, తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మగత కమ్మినా అంతే.

సరిదిద్దగలిగే కారణాలు కూడా ఉన్నాయి: బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, డిప్రెషన్, చెవుడు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం. షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బి12 తప్పక చూడాలి. పాదాలు నేలకి అతుక్కున్నట్టు నడక, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు, ఈ మూడూ కలిస్తే మెదడులో నీరు చేరిందేమో అని డాక్టరుని అడగండి. ఆ నీటిని మళ్లించే షంట్ అనే గొట్టం వేస్తే కొందరు బాగా కోలుకుంటారు.

నా దృష్టిలో అందరూ తేలిగ్గా తీసుకునేది మందుల సంచి. జలుబుకి క్లోర్‌ఫెనిరమిన్, దురదకి హైడ్రాక్సిజిన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, మూత్రానికి ఆక్సీబ్యుటినిన్, నిద్రకి ఆల్ప్రజోలామ్. ఒక్కో డాక్టరు ఒక్కోటి రాస్తారు, అన్నీ కలిసి పెద్దవాళ్ల బుర్రని మసకబారుస్తాయి. మందుల షాపులో అడిగి కొన్నవాటితో సహా స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి బల్లమీద పరచండి. మీరే ఆపెయ్యకండి, ఆల్ప్రజోలామ్ లాంటిది హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు.

డాక్టరు విషయానికొస్తే, న్యూరాలజిస్టులు చాలామంది పక్షవాతం, మూర్ఛ, తలనొప్పి ఎక్కువగా చూస్తారు. జ్ఞాపకశక్తి మీద ప్రత్యేకంగా పనిచేసేవాళ్లు తక్కువ. ‘కాగ్నిటివ్ న్యూరాలజీ’, ‘బిహేవియరల్ న్యూరాలజీ’, ‘మెమరీ క్లినిక్’ అన్న మాటలతో వెతకండి, వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ముందు వాకబు చెయ్యండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే వృద్ధుల వైద్య నిపుణుడితోనో సైకియాట్రిస్టుతోనో మొదలుపెట్టినా తప్పులేదు. ఫోన్ చేసినప్పుడు మొదటిసారి ఎంతసేపు చూస్తారు, జ్ఞాపకం, ఆలోచన పరీక్షలు చేసే న్యూరోసైకాలజిస్టు ఉన్నారా, పరీక్షని అమ్మగారు మాట్లాడే భాషలోనే చేస్తారా అని అడగండి. మూడోది చాలా ముఖ్యం. జ్ఞాపకాన్ని, ఆలోచనని కొలిచే మోకా అనే పరీక్షకి 30 మార్కులు, 26 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మామూలు అని లెక్క, 12 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి ఒక మార్కు కలుపుతారు. అసలు చదువుకోనివాళ్లకి అదే కాగితం పెట్టి, వచ్చిన మార్కుని బట్టి జబ్బని ముద్ర వెయ్యడం అన్యాయం. వాళ్ల కోసం వేరే పరీక్షలున్నాయి.

వెళ్లేముందు ఒక కాగితం రాసి పెట్టుకోండి, ఒక పేజీ చాలు. మొదట ఏం గమనించారు, ఎప్పుడు. మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా వచ్చిందా. ఏ పనులు మానేశారు. నిద్ర, నడక, మూత్రం, కోపం ఎలా ఉన్నాయి. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఉందా. ‘బాగా మరిచిపోతున్నారు’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘అరగంటలో నాలుగుసార్లు ఒకే ప్రశ్న, జవాబు చెప్పిన సంగతే గుర్తులేదు’ అని రాయండి. వింత ప్రవర్తన ఉంటే నిమిషం వీడియో తీసి ఉంచుకోండి. ఆ కాగితాన్ని ముందే డాక్టరు చేతికి అందేలా చూడండి, ఆవిడ ఎదుటే తప్పులు ఏకరువు పెడితే మనసు గాయపడుతుంది. కళ్లజోడు, వినికిడి యంత్రం మరవద్దు, అవి లేకుండా పరీక్షకి కూర్చోబెడితే మార్కులు ఉన్నదానికన్నా తక్కువ వస్తాయి. ఆవిడ తేటగా ఉండే పూటకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. రానని మొండికేస్తే ‘నీకు మతిమరుపు’ అని వాదించొద్దు, బీపీ, తలతిరుగుడు లాంటి ఆవిడ ఒప్పుకునే ఇబ్బంది పేరుతో తీసుకెళ్లండి.

రక్తపరీక్షల్లో బి12, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, సోడియం, కాల్షియం, షుగరు, కిడ్నీ, లివరు ఉండాలి. ఎంఆర్ఐ కుదరకపోతే సీటీ తీస్తారు. గది బయటికి వచ్చేలోపు ‘ఇది ఏ రకం అనుకుంటున్నారు, ఎందుకు, మళ్లీ ఎప్పుడు చూస్తారు’ అని అడిగేయండి. ఏ రకమో చెప్పకుండా ‘బ్రెయిన్ టానిక్’ రాసి పంపిస్తే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

ఉన్న మాత్రలు జబ్బుని నయం చెయ్యవు, కొందరిలో కొంతకాలం నిలకడనిస్తాయి. డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 4 నుంచి 6 వారాల తర్వాత 10కి పెంచుతారు. విరేచనాలు, వికారం రావచ్చు, నాడి మందగించి కళ్లు తిరిగి పడిపోవచ్చు, అందుకే గుండె జబ్బుంటే ముందు ఈసీజీ చూడమని అడగండి. రాత్రి వేసుకుంటే పీడకలలు వస్తున్నాయా, పొద్దున వెయ్యొచ్చేమో డాక్టరుని అడగండి. ఒంటికి అంటించే రివాస్టిగ్మిన్ మందు పట్టీ అయితే పాతది పీకాకే కొత్తది అంటించాలి. వీపు మీద పాతది మరిచిపోయి ఇంకోటి అంటిస్తే మోతాదు రెట్టింపై ప్రమాదం. అంటించిన చోటే 14 రోజుల దాకా మళ్లీ అంటించకూడదు. లెకనెమాబ్ లాంటి కొత్త ఇంజెక్షన్లు తొలిదశ అల్జైమర్స్‌కే. మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని తేలాలి, వాపు, రక్తస్రావం కోసం మధ్యమధ్య ఎంఆర్ఐలు తీయాలి.

మొదటి విజిట్ అయ్యాక బ్యాంకు, ఆస్తి కాగితాల పని వాయిదా వెయ్యకండి. ఆవిడ అర్థం చేసుకుని తన ఇష్టం చెప్పగలిగిన రోజుల్లోనే, ఆవిడని కూర్చోబెట్టుకుని అడిగి, చేయించండి.