మళ్ళీ ఎగరాలంటే ముందు తూకం చూడండి

అన్నగారూ, ఇరవై ఏళ్ళ క్రితం నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172 నడపడం వదిలేశారు, ఇప్పుడు రిటైరై డాలస్ దగ్గర సెకండ్‌హ్యాండ్ స్కైక్యాచర్ (సెస్నా వాళ్ళదే, రెండు సీట్ల తేలికపాటి విమానం) చూస్తున్నారు, దంపతులిద్దరూ కలిసి 380 పౌండ్లు అన్నారు. చిక్కు అక్కడే.

దాని గరిష్ఠ బరువు 1,320 పౌండ్లు. ఖాళీ విమానం 830 అనుకుంటే మిగిలేది 490. మీ ఇద్దరూ, 20 పౌండ్ల సామానూ పోగా 90, గ్యాలను ఆరు పౌండ్ల లెక్కన 15 గ్యాలన్ల పెట్రోలు. గంటకు సుమారు 6 గ్యాలన్లు తాగుతుంది. అరగంట రిజర్వు తీసేస్తే మీకు దక్కేది రెండు గంటలు. బ్రోషర్ అంకెలు నమ్మకండి, ఆ విమానం తాజా వెయిట్ అండ్ బ్యాలెన్స్ (బరువు లెక్కల) కాగితమే అడగండి. పైగా దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, విడిభాగాల సంగతి ముందే తేల్చుకోవాలి.

రోటాక్స్ 912 ఇంజనున్న వేరే తేలికపాటి విమానం చూస్తే రబ్బరు గొట్టాలు ఐదేళ్ళకోసారి మార్చాలి. లాగ్‌బుక్‌లో ఆ తేదీ చూశాకే బేరం.

అసలు 2025 అక్టోబరు 22 నుంచి స్పోర్ట్ పైలట్ హక్కులతోనే, అంటే మెడికల్ (పైలట్ల వైద్య సర్టిఫికెట్) బదులు డ్రైవింగ్ లైసెన్సు చూపి, 172 నడపొచ్చు, వెంట ఒక్కరే ఉండాలి. చేయి తిరిగిన విమానం కదా, నా ఓటు దానికే. ఒక్క జాగ్రత్త: అనుమానం ఉంటే మెడికల్‌కు దరఖాస్తు పెట్టకండి. అది తిరస్కరిస్తే డ్రైవింగ్ లైసెన్సుతో ఎగిరే వీలూ పోతుంది.

తేలికపాటి విమానమే కొంటే ఫ్లైట్ రివ్యూ (మళ్ళీ ఎగిరే ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే సమీక్ష) కూడా అందులోనే, పక్కగాలి ఉన్న రోజున చేయించుకోండి. థ్రాటిల్ తీయగానే వేగం 172 కన్నా చప్పున పడిపోతుంది.