బీమా లేని వలస కూలీ నీ ముందు కూర్చున్నప్పుడు

బాబూ,

బీమా లేని వలస కూలీ ఓపీలోకి రాగానే "కార్డు ఉందా?" అని మొదలుపెట్టకు. ఆ ప్రశ్న కౌంటర్లో ఎలాగూ అడుగుతారు. నువ్వూ అదే అడిగితే, తర్వాతి జవాబులన్నీ భయంతో ముడుచుకుపోతాయి. రక్తం పడే దగ్గు కూడా "మామూలు దగ్గేనండీ" అయిపోతుంది. ముందు బాధేమిటో అడుగు. తర్వాత పనేమిటో, గదిలో ఎందరు పడుకుంటారో అడుగు. దగ్గు రెండు వారాలు దాటిందంటే టీబీ ఉందేమో చూడటానికి కళ్లె పరీక్షకు పంపాల్సిందే.

భాష రాకపోతే వెంట వచ్చిన పిల్లాడి చేత చెప్పించకు. తల్లి రక్తస్రావం సంగతి కొడుకు నోట రాదు. పనిలో పెట్టుకున్న మేస్త్రీ అయితే అసలే వద్దు. ఫోన్లోనైనా దుబాసీని పెట్టుకుని, చూపు మాత్రం రోగి మీదే ఉంచు. చివర్లో "అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు. "ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో చెప్పండి" అను.

మీ వయసు డాక్టర్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది పరీక్షల దగ్గర. "పాపం, ఎక్కడ కడతాడు" అని అవసరమైనదాన్నీ కొట్టేస్తారు. జాలితో చేసినా అది తక్కువ వైద్యమే. ఫలితం వస్తే చికిత్స మారుతుందా అని చూడు. మారదంటే మానెయ్. మారుతుందంటే ఖర్చు రోగికి చెప్పి, సోషల్ వర్కర్‌ను పిలువు; నిర్ణయం రోగిది. ఛాతీ నొప్పితో వచ్చినవాడికి మాత్రం ఈ లెక్కలేవీ లేవు, 10 నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి.

చీటీలో జనరిక్ పేరే రాయి, వీలైతే రోజుకొక్కసారి వేసుకునే మందు. ఇన్సులిన్ రాసేముందు ఫ్రిజ్ ఉందో లేదో అడుగు. తెరిచిన సీసా మరీ వేడి తగలని చోట నాలుగు వారాలు ఆగుతుంది, తెరవనిదానికి ఫ్రిజ్ కావాలి. అందుకే ఫ్రిజ్ లేనివాళ్లకు ఒకసారికి ఒక్కో సీసానే ఇప్పించు.

కేస్‌షీట్లో "మందులు సరిగా వాడడు" అని రాసి వదిలెయ్యకు, కారణం రాయి: రాత్రి షిఫ్టా, డబ్బు అయిపోయిందా, కడుపులో మంటా? వీసా, కాగితాల సంగతి వైద్యానికి అక్కర్లేదు, రాయకు.

టీబీ చికిత్స మామూలుగా 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు మందులు. పని అయిపోతే కూలీ చికిత్స మధ్యలోనే ఊరు మారతాడు. మందు ఆగితే క్రిమి మొండికేస్తుంది. కాబట్టి మొదటి రోజే జబ్బు, మందులు, మోతాదు, మొదలైన తేదీ రాసిన చీటీ చేతికివ్వు. జేబులో పట్టేంత అట్టముక్క చాలు. బాల్ పెన్‌తో రాయి, ఇంకు పెన్నుతో రాస్తే చెమటకు చెదిరిపోతుంది.