పీస్ బ్రిడ్జి దాటే ముందు

చిరంజీవి బాబుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు అడిగింది ఒక్కటే ప్రశ్న: "నా న్యూజెర్సీ లైసెన్సుతో కెనడాలో కారు నడపవచ్చా?" నడపవచ్చు. నువ్వు వెళ్ళే ఒంటారియో రాష్ట్రానికి చూడడానికి వెళ్ళినవాళ్ళు మూడు నెలల వరకు సొంత ఊరి లైసెన్సుతోనే నడుపుకోవచ్చు. నువ్వు వెళ్ళేది మూడు రోజులకు. నీ ప్రశ్నకు జవాబు ఇక్కడితో అయిపోయింది.

అయినా ఇంత ఉత్తరం ఎందుకంటే, బఫెలోలో ఇరవై రెండేళ్ళుగా ఉంటూ, ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరికీ నయాగరా జలపాతం చూపించే బాధ్యత మోస్తున్నదాన్ని. ఇన్నేళ్ళలో లైసెన్సు దగ్గర చిక్కుకున్నవాళ్ళు నాకు తగల్లేదు. చిక్కుకున్నవాళ్ళందరూ తక్కిన కాగితాల దగ్గరే. బఫెలో నుంచి కెనడాలోకి పోయే పీస్ బ్రిడ్జి వంతెన దాటేది నువ్వొక్కడివే కాదు కదా. నీ కారు దాటాలి, దాని ఇన్సూరెన్సు దాటాలి, వెనక సీట్లో కూర్చున్న మీ అమ్మానాన్నలు దాటాలి. ఎవరి అనుమతి వారిదే.

ముందు మనుషుల సంగతి. లైసెన్సు మీద నక్షత్రం గుర్తు ఉంది, రియల్ ఐడీ అంటే అదే కదా, దానితో వెళ్ళిపోవచ్చు అనుకోకు. అది అమెరికాలో విమానం ఎక్కడానికి పనికొస్తుంది, సరిహద్దు దాటడానికి పనికిరాదు. పాస్‌పోర్టులు ఉండాలి. అమెరికా వీసా ఉంటే కెనడాకు కూడా చెల్లుతుందన్న భ్రమ మనవాళ్ళలో ఇంకా పోలేదు. హెచ్ వన్ బీ ఉద్యోగ వీసా మీద ఉన్న నీకు, నీ భార్యకు, విజిటర్ వీసాతో వచ్చిన మీ అమ్మానాన్నలకు, నలుగురికీ కెనడా వీసా విడిగా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే ఆ మినహాయింపు, వాళ్ళు కూడా కార్డుతో పాటు పాస్‌పోర్టు చూపించాలి. నీ పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు దాటిపోయిందన్నావు. అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 కాగితానికి గడువు ఉంటే, కెనడాలో ముప్పై రోజులు మించకుండా ఉంటే, ఆ పాత ముద్రతోనే తిరిగి రానిస్తారు. అక్కడ ఉన్నాను కదా అని టొరంటోలో కొత్త వీసా ముద్రకు మాత్రం దరఖాస్తు పెట్టకు. పెట్టావో, ఆ వెసులుబాటు పోతుంది, వీసా చేతికొచ్చే దాకా అక్కడే ఉండిపోవాలి. ఆ ఐ-94, నీ హెచ్ వన్ బీ మంజూరైందని చెప్పే ఐ-797, రెండు కాగితాలూ అచ్చు తీసి పెట్టుకో. సరిహద్దు గది దగ్గర ఫోనులో వెతుక్కుంటూ నిలబడడం మంచిది కాదు.

ఇక కారు. నీ సొంత కారే అంటున్నావు, సంతోషం. రిజిస్ట్రేషన్ కాగితం అసలుది పెట్టుకో. నీ కారును కాదని ఏడుగురికి సరిపోయే పెద్ద బండి అద్దెకు తీసుకుంటే మాత్రం మా కథ గుర్తుంచుకో. 2008 వేసవిలో మీ పెదనాన్నగారు ఒక వ్యాన్ అద్దెకు తెచ్చారు. కౌంటరు దగ్గర అబ్బాయిని "కెనడాకు వెళ్ళవచ్చా" అని అడిగితే "ఏం ఫరవాలేదు" అన్నాడట. ఆయన ఆ మాటతోనే తృప్తి పడ్డారు. సరిహద్దు దగ్గర కాగితం ఎవరూ అడగలేదు. సెయింట్ క్యాథరిన్స్ దాటగానే టైరు పేలింది. సహాయానికి ఫోను చేస్తే అవతలివారు కాగితం చదివి వినిపించారు: ఈ బండి అమెరికా దాటకూడదు. కౌంటరు అబ్బాయి మాటకు సాక్ష్యం ఎక్కడుంది? లాగుడు బండి ఖర్చు, టైరు ఖర్చు మావే. మండుటెండలో రోడ్డు పక్కన పులిహోర డబ్బా తెరిచి అందరం తిన్నాం, మీ పెదనాన్నగారు తప్ప. ఆ రోజు నుంచి మా ఇంట్లో నోటి అనుమతికి విలువ లేదు. కెనడా అన్న మాట అద్దె కాగితం మీద రాసి ఉండాలి. కారు స్నేహితుడిదైతే, తీసుకెళ్ళడానికి ఒప్పుకుంటున్నానని అతని సంతకంతో ఒక ఉత్తరం దగ్గర ఉంచుకో.

ఇన్సూరెన్సు సంగతి ఇంతకంటే ముఖ్యం. నీ పాలసీ కెనడాలో కూడా చెల్లుతుంది, మామూలు అమెరికా పాలసీలు చాలావరకు అంతే. కానీ ఒంటారియోలో ఎదుటివారికి జరిగే నష్టానికి కనీస బీమా రెండు లక్షల కెనడా డాలర్లు. దానికి సరిపోయే పాలసీ ఉందని చూపడానికి అక్కడి పోలీసులు గుర్తించే కార్డు ఒకటి ఉంది. కెనడా నాన్ రెసిడెంట్ ఇన్సూరెన్స్ కార్డు కావాలని మీ కంపెనీకి ఫోను చేసి అడుగు, పంపిస్తారు. వారం ముందు అడుగు, బయలుదేరే రోజు ఉదయం కాదు. అదే ఫోనులో ఇంకొక మాట కూడా అడిగెయ్యి. అది మీ నాన్నగారి గురించి.

నయాగరా నుంచి టొరంటో వరకు తానే నడుపుతానని మరిదిగారు మీ అమ్మ దగ్గర ప్రకటించారట. చట్టం ఆయనను ఆపదు. మన విజయవాడ లైసెన్సు కార్డు మీద వివరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఆయన కూడా చూడడానికి వచ్చిన మనిషే, మూడు నెలల నియమం ఆయనకూ వర్తిస్తుంది. అంతర్జాతీయ పర్మిట్ కూడా తెచ్చుకుని ఉంటే మంచిదే. అది ఊరు విడిచే ముందు ఆర్టీఏ కార్యాలయంలో తీసుకోవాలి, వెయ్యి రూపాయల రుసుము, ఏడాది గడువు. ఇక్కడికి వచ్చాక ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి తెప్పించుకునే పుస్తకాలను నమ్మవద్దు. అయితే ఆ పర్మిట్ లైసెన్సుకు అనువాదం మాత్రమే. అసలు కార్డు ఇంట్లో మరిచి పర్మిట్ ఒక్కటే చూపిస్తే దానికి విలువ లేదు. ఇంత చెప్పినా, మీ ఇంట్లో ఆరు నెలలు ఉండే మనిషి నీ కారు నడిపితే ఇన్సూరెన్సు వర్తిస్తుందో లేదో కంపెనీ వాళ్ళే చెప్పాలి. ఆయన పేరు పాలసీలో చేర్పించాలన్నారంటే చేర్పించు. లేదా ఆయనకు దారి చూపే పని అప్పగించు.

నిజానికి నా భయం కాగితాల గురించి కాదు. ఆయన నలభై ఏళ్ళు ఎడమ పక్క నడిపిన మనిషి. ఖాళీ రోడ్డు మీద కుడి పక్క నడపడం ఎవరికైనా వస్తుంది. పెట్రోలు బంకు నుంచి బయటికి మలుపు తిరిగే ఆ ఒక్క క్షణంలో చెయ్యి పాత అలవాటుకు పోతుంది.

అవతలి ఒడ్డున నీకు కూడా ఒక అలవాటు అడ్డు పడుతుంది. అక్కడి బోర్డులన్నీ కిలోమీటర్లే, 1977 నుంచీ. టొరంటో వెళ్ళే క్వీన్ ఎలిజబెత్ వే అనే హైవే మీద 100 అని కనిపిస్తుంది, కొంత దూరం 110 ఉంటుంది. నూరు అంటే నీ మీటరులో 62 మైళ్ళు. మీటరులో లోపలి వరుసలో చిన్న అంకెలు ఉంటాయి చూడు, అవే కిలోమీటర్లు. పరధ్యానంలో నూరు మైళ్ళకు తోలావంటే గంటకు 160 కిలోమీటర్లు. పరిమితికి యాభై కిలోమీటర్లు దాటితే ఒంటారియోలో దాన్ని వేగం కింద చూడరు, ప్రమాదకర విన్యాసంగా చూస్తారు. అక్కడికక్కడే లైసెన్సుకు ముప్పై రోజుల నిలుపుదల, కారు పద్నాలుగు రోజులు వాళ్ళ స్వాధీనం. ఆ తరువాత కోర్టు జరిమానా రెండు వేల డాలర్ల నుంచి మొదలవుతుంది. చిన్న టికెట్టు వచ్చినా వేరే దేశానిది కదా అని చింపెయ్యకు. మా న్యూయార్క్ రాష్ట్రానికి ఒంటారియోతో ఒప్పందం ఉంది, అక్కడి తప్పుకు ఇక్కడి రికార్డులో పాయింట్లు పడతాయి. నేను ఎలా తెలుసుకున్నానో మీ పెదనాన్నగారిని అడగకు.

ఆకుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే కంగారు పడకు. ఒంటారియోలో దానికి అర్థం, ఎదుటివాళ్ళకు ఎర్ర దీపం ఉంది, నువ్వు ఎడమకు తిరగవచ్చు అని. టొరంటోలో ట్రాము ఆగి తలుపులు తెరిస్తే, దిగేవాళ్ళకు విడిగా దిమ్మె లేని చోట, వెనక తలుపుకు రెండు మీటర్ల దూరంలో నువ్వు కూడా ఆగాలి. జనం నేరుగా నీ లేనులోకే దిగుతారు. 407 హైవే ఖాళీగా కనిపించి ఊరిస్తుంది. దాని మీద టోలు గది ఉండదు, మన ఈజీ పాస్ పనిచేయదు, నంబరు ప్లేటు ఫోటో తీసి బిల్లు పంపుతారు. రిచ్‌మండ్ హిల్ వినాయకుడి గుడికి వెళ్ళేటప్పుడు ఫోను అటు తిప్పుతుంది, చూసుకో.

తిరుగు దారిలో మీ అమ్మ చేతిసంచీ ఒకసారి చూడు. టొరంటో దుకాణాల్లో పచ్చి కరివేపాకు నిగనిగలాడుతూ దొరుకుతుంది, ఆవిడ కొనకుండా ఉండలేదు. కరివేపాకుతో నిమ్మజాతి చెట్ల తెగులును మోసే పురుగు వస్తుందని అమెరికాలోకి రానివ్వరు. "ఏమైనా ఆకులు, పండ్లు ఉన్నాయా" అని అధికారి అడిగినప్పుడు లేవని చెప్పి తరువాత దొరికిపోవడం కంటే అక్కడే వండుకుని తినేసి రండి.

పీస్ బ్రిడ్జి మా ఇంటికి పదిహేను నిమిషాలు. మీ ఊరు ఎడిసన్ నుంచి ఏడు గంటలు నడిపి వచ్చి, అలసిన కళ్ళతో రాత్రిపూట వంతెన ఎక్కవద్దు. రాత్రికి ఇక్కడే పడుకోండి. పొద్దున ఆరు గంటలకు వరుస తక్కువ ఉంటుంది. పాస్‌పోర్టులన్నీ ఒకే సంచీలో పెట్టి అది నీ భార్య చేతికి ఇవ్వు, మీ నాన్నగారి చేతికి కాదు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించేటట్లయితే, నేను తన గురించి రాసిన రెండు పేరాలు దాటేసి చదువు.

ఇట్లు,
మీ పెద్దమ్మ